మర్యాదే మంచాన పడేసింది

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ముందుగా అడిగే మాట ఒకటే. "పెద్దవాళ్లతో పని కదా మేడం, బాగా ఓపిక ఉండాలా?" అని. ఓపిక సంగతి అలా ఉంచండి, ముందు మొండితనం కావాలి. నా సర్వీసంతటిలో ముసలివాళ్లతో నాకు పేచీ వచ్చింది లేదు. వాళ్లమీద ప్రేమ ఒలకబోసేవాళ్లతోనే పోట్లాటంతా. అందులో నేను గెలిచినవి తక్కువ, ఓడిపోయినవి ఎక్కువ. ఓడిపోయినవే ఇక్కడ రాస్తున్నాను. గెలిచినవి చెప్పుకుంటే నాకు సంతోషం తప్ప మీకు ఉపయోగం లేదు.

నేను నర్సుని. చాలాకాలం పెద్దాసుపత్రిలో ఎముకల వార్డులో చేశాను. తర్వాత భీమవరానికి దగ్గర్లో ఒక ఊళ్లో, ట్రస్టు వాళ్లు నడిపే వృద్ధుల డే కేర్ సెంటర్లో చేరి అక్కడే రిటైరయ్యాను. ఆ ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. ఆ వీధుల్లో నన్ను ఇంకా ఆప్యాయంగా పలకరించేవాళ్లున్నారు.

డే కేర్ అంటే ఆశ్రమం కాదు. పొద్దున్నే ఆటో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లని ఎక్కించుకొస్తుంది, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపేస్తుంది. మధ్యలో బీపీ, షుగరు చూడటం, కాస్త కాళ్లూ చేతులూ ఆడించడం, మధ్యాహ్నం భోజనం, టీవీ, పేపరు, కబుర్లు. పాత రైసు మిల్లు గోడౌన్ని బాగుచేసి హాలుగా మార్చారు. బాత్రూములు మాత్రం హాలుకి ఆ చివరన ఉండిపోయాయి. అంతా దానికి విసుక్కునేవారు. నాకు మాత్రం ఆ బిల్డింగులో నచ్చింది అదొక్కటే. ఆ వంకనైనా నాలుగడుగులు నడుస్తారని.

వయసు అని కొట్టిపారేసేది

ఎముకల వార్డులోకి తుంటి విరిగి వచ్చిన ప్రతి ముసలావిడ వెనకా ఒకే మాట వచ్చేది. "బాత్రూంలో జారిందండీ." నేనూ కొన్నాళ్లు నమ్మాను. తర్వాత అర్థమైంది, ఆవిడ పడింది ఆరోజు కాదు. చాలా నెలల ముందే, కంచం దగ్గర, కుర్చీలో, కొంచెం కొంచెంగా పడిపోయింది. బాత్రూంలో జరిగింది అందరికీ కనపడింది, అంతే.

ఆ పడిపోవడానికి మందుల చీటీలో పేరుండదు. నేను నిస్సత్తువ అంటాను. డాక్టర్లని అడిగితే "ఏజ్ సిస్టర్, ఏజ్" అని పక్క బెడ్డుకి వెళ్లిపోయేవారు. బీపీ మిషన్లో అది కనపడదు. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయా, జాకెట్టు భుజం మీద నిలవడం లేదా చూడండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనండి. మీ రెండు వేళ్లూ పట్టుకుని గట్టిగా నొక్కమనండి. పక్కన నడుస్తూ ఏదో ఒకటి అడగండి. జవాబు చెప్పడానికి నడక ఆపేస్తే, ఆ మనిషి తొందర్లోనే పడిపోతారని రాసిపెట్టుకోండి.

మా సెంటర్‌కి అప్పారావు మాస్టారని ఒక రిటైర్డు లెక్కల మాస్టారు వచ్చేవారు. షుగర్ పేషెంటు. వారానికోసారి వచ్చే డాక్టరు గారు ఆయన రిపోర్టు చూసి అందరి చేతా చప్పట్లు కొట్టించారు, కంట్రోలంటే ఇలా ఉండాలని. మాస్టారి చొక్కా చూస్తే హ్యాంగరుకి తగిలించినట్టుంది. ఏం తింటున్నారని అడిగాను.

"పొద్దున రాగిజావమ్మా. రాత్రి రెండు పుల్కాలు. అన్నం మానేశాను. పప్పు గ్యాసు, గుడ్డు వేడి, పెరుగు నాకు పడదు."

"మరి ఒంట్లోకి ఏం వెళ్తోందండీ?"

"షుగరు రావట్లేదుగా!" అన్నారు, లెక్క సరిపోయిన సంతోషంతో.

డాక్టరు గారితో చెప్పాను. ఈయన కండ కరిగిపోతోందండీ, తిండి పెంచమని మీరు చెప్తేనే వింటారని. "నంబర్లు బంగారంలా ఉన్నాయి, ఇంకేం కావాలి సిస్టర్?" అన్నారాయన. ఆ యేడు ముసురుల్లో మాస్టారికి మామూలు జలుబు జ్వరం వచ్చింది. మామూలు మనిషికైతే నాలుగు రోజుల్లో పోయేది. ఆయన దాన్నుంచి లేవలేదు. డెత్ సర్టిఫికెట్ మీద నిమోనియా అని రాశారు. నన్ను రాయమంటే ఆకలి అని రాసేదాన్ని.

ఎవరి కంచం వాళ్లే

సుభద్రమ్మ గారు మా దగ్గరికి వచ్చేసరికి ఎనభైకి దగ్గర పడ్డారు. పెద్ద రైతు ఇల్లాలు. విషజ్వరం వచ్చి చాలా రోజులు మంచం మీద ఉన్నారు. జ్వరం పోయింది గానీ కాళ్లలో పట్టు కూడా దాంతోనే పోయింది. కొడుకు రామకృష్ణ గారికి చేపల చెరువులు. కోడలు వరలక్ష్మి గారు బంగారం లాంటి మనిషి. ఈ మాట వెటకారానికి అనడం లేదు. అత్తగారికి తల దువ్వి, జడ వేసి, ఆటో దాకా నడుం పట్టుకుని తీసుకొచ్చేది.

కొత్తగా వచ్చినవాళ్లని "ఇక్కడ మీకేం కావాలి?" అని అడిగేదాన్ని. "ఏముందమ్మా, కాలక్షేపం" అనేవారు చాలామంది. సుభద్రమ్మ గారు మాత్రం ఆయా పక్కకి వెళ్లేదాకా ఆగారు.

"నా అంతట నేను బాత్రూంకి వెళ్లి రావాలమ్మా. ఇంకేం అక్కర్లేదు. ఇంకొకళ్లని పిలవాలంటే నాకు చచ్చేంత సిగ్గు."

"అంతేనాండీ?"

"అంతేనా అంటావేంటమ్మాయ్! నీకింకా ఆ అవసరం రాలేదు గనక."

ఆవిడ కోరిక అదీ. నా పనీ అదే అయింది. కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తడం. భర్త పోయినప్పటినుంచీ ఆవిడది ఒంటిపూట భోజనం. రాత్రికి ఇడ్లీ ముక్క తుంపి వదిలేసేవారు. రాత్రి అన్నం తినండంటే ఒప్పుకునే రకం కాదు. చాలా బేరం ఆడాక పెసరట్టు దగ్గర కుదిరింది. పెసరట్టు టిఫిను కదా, భోజనం కిందకి రాదు, నియమానికి భంగం లేదు. పైన ఒక గ్లాసు పాలు. వరలక్ష్మి గారు ఒక్కరోజు కూడా తప్పకుండా చేసిపెట్టింది.

ఇంకో పద్ధతి కూడా పెట్టాను. భోజనం వేళ ఎవరి కంచం వాళ్లే బల్ల దగ్గరికి వచ్చి తీసుకోవాలి, వడ్డించుకుని తమ చోటుకి తీసుకెళ్లాలి. మంచినీళ్ల గ్లాసూ అంతే. మొదట్లో అందరూ మూతి ముడిచారు. తర్వాత నాకంటే ముందు వాళ్లే బల్ల దగ్గరికి చేరేవారు. కంచం పట్టుకుని నడవాలంటే చేతికి పట్టుండాలి, కాలు కుదురుగా పడాలి, చూపు ముందుకుండాలి. ఏ ఎక్సర్‌సైజు నేర్పినా ఇన్ని ఒకేసారి రావు.

వానాకాలంలో చేరిన సుభద్రమ్మ గారు చలి ముదిరేసరికి ఒకరోజు హాలు ఆ చివరిదాకా ఒక్కరే నడిచి వెళ్లారు. లోపల గడియ పడిన చప్పుడు విని నేను బయటే నిలబడ్డాను. చీర సర్దుకుంటూ బయటికి వచ్చి, "చూశావా?" అన్నారు.

"ఎలా చూస్తానండీ, తలుపేసుకున్నారుగా" అన్నాను.

చిన్నపిల్లలా నవ్వారు. ఆ సెంటర్లో నేను పొందిన సంతోషాలన్నిటిలో అదే పెద్దది.

పట్టుచీర, చక్రాల కుర్చీ

మా ట్రస్టు ప్రెసిడెంటు గారిది రొయ్యల మేత వ్యాపారం. సెంటర్‌కి ప్రాణం పోసింది ఆయనే. మంచి మనిషి. దొంగ దగ్గర పనిచేయడం తేలిక, రూలు పుస్తకం చూపించి అడగొచ్చు. మంచివాడు పొరపాటు చేస్తుంటే ఏం చూపించి ఆపుతారు? ఈ సంగతి మీకు ట్రైనింగులో ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన విరాళాలిచ్చే పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. అప్పుడే సుభద్రమ్మ గారు కంచం పట్టుకుని నెమ్మదిగా తన చోటుకి వెళ్తున్నారు. చారు కొంచెం అంచు మీదినుంచి తొణికింది. ప్రెసిడెంటు గారు గబగబా వెళ్లి ఆ కంచం తన చేతుల్లోకి తీసుకున్నారు.

"ఏంటండీ సిస్టర్ గారూ ఇది? ఆవిడ ఎవరనుకుంటున్నారు? కోతలప్పుడు ఊరంతా వాళ్లింట్లోనే విస్తళ్లు వేసుకునేది. అలాంటి తల్లి చేత కంచం మోయిస్తారా?"

"మోయగలుగుతున్నారండీ. చేరినప్పుడు లేవలేకపోయేవారు."

"ఎక్సర్‌సైజు వేరే చేయించండి, కాదన్లేదు. తిండి దగ్గర మాత్రం మర్యాద తప్పకూడదు. గోదావరి వాళ్లం అండీ మనం."

మర్నాటినుంచి కూర్చున్నచోటే వడ్డన. నీళ్లు చేతికి. ఎవరైనా లేవబోతే ఇద్దరు ఆయాలు పరిగెత్తుకెళ్లి చెరో రెక్క పట్టుకోవడం. నేను సుభద్రమ్మ గారి పక్కన కూర్చుని బతిమాలాను. "మీరొక్క మాట చెప్పండి, నా కంచం నేనే తెచ్చుకుంటానని. మీరు చెప్తే ఆయన వింటారు."

"అంతటి మనిషి నా కంచం పట్టుకున్నాడమ్మా. ఇప్పుడు కాదంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టు కాదూ?"

ఇక్కడి జబ్బు ఇదీ. పెట్టేవాడు బలవంతం చేయడం మానడు, పుచ్చుకునేవాడు వద్దని అనలేడు. పెళ్లి పంక్తిలో కొసరి కొసరి వడ్డించినట్టు మనిషిని మూలన కూర్చోబెడతాం. అందరికీ కడుపు నిండినట్టే ఉంటుంది.

ఆ తర్వాత ప్రెసిడెంటు గారు వాళ్లమ్మ గారి జ్ఞాపకార్థం చక్రాల కుర్చీలు ఇచ్చారు. నిజంగా కుర్చీ అవసరమైనవాళ్లు మా దగ్గర ఉన్నారు. పక్షవాతం వచ్చిన ఆయన ఒకరున్నారు. నోరు వంకరగా ఉంది, ఫొటోకి బాగుండదని ఆయన్ని వెనక వరసలో ఉంచారు. సుభద్రమ్మ గారిది నిండైన విగ్రహం, పైగా పట్టుచీర కట్టుకొచ్చారు. ఆవిడని పిలిచారు. ఆవిడ నడుచుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. తోసుకుంటూ బయటికి తీసుకొచ్చి కుర్చీతో సహా ఇంటికి పంపారు. నడిచి వచ్చిన మనిషిని అందరి ఎదుటా చక్రాల మీద పంపేశారు. తప్పు జరిగిందని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

నేను ఆయన ఆఫీసు గదికి వెళ్లాను. ఆవిడకి కుర్చీ వద్దండీ, కూర్చోబెడితే ఆ కాళ్లు మళ్లీ రావు, వెనక్కి తెప్పించండని అడిగాను.

"ఇచ్చింది వెనక్కి అడగమంటారా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మని చివర్లో ఈ చేతుల మీద మోశానండీ. స్నానానికీ, అన్నిటికీ నేనే. ఎంత బాధో నాకు తెలుసు" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మోయాల్సిన అవసరం రాకుండా చూసుండాల్సిందండీ. ఆవిడకి ఎటూ కుదర్లేదు, ఈవిడకైనా అలా చేద్దాం" అన్నాను.

నా నోటి దురుసు నాకు తెలుసు. అయినా ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడను. ఆయన మొహం మాడిపోయింది. "ప్రేమగా చూడమని మీకు జీతం ఇస్తున్నామండీ" అన్నారు. ఆరోజునుంచి ఏదైనా చెప్పాలంటే ఆయాల ద్వారా చెప్పించేవారు.

సుభద్రమ్మ గారు సెంటర్‌కి రావడం కూడా మానేశారు. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కుర్చీ ఆటోలో పట్టలేదు. కుర్చీ లేకుండా పంపడానికి ఇంట్లోవాళ్లకి ధైర్యం చాల్లేదు.

ఏ లోటూ లేని ఇల్లు

ఇలా రావడం మానేసినవాళ్ల ఇంటికి తప్పకుండా వెళ్లండి. మన పని ఎంత వృథా అయిందో అక్కడే తెలుస్తుంది. నేను వెళ్లాను. అద్దంలా మెరిసే టైల్స్, కొత్త పరుపు, పక్కన ఫ్యాను. సుభద్రమ్మ గారు కుర్చీలో ఉన్నారు. పాదాలు వాచాయి, పిక్కలు సన్నబడ్డాయి. వరలక్ష్మి గారు ఎదురొచ్చి సంబరంగా చెప్పింది.

"కాలు కింద పెట్టనివ్వట్లేదండీ సిస్టర్ గారూ. డైపర్ కూడా నేనే మారుస్తున్నాను. పనిమనిషికి కూడా వదల్లేదు."

నా వేళ్లు పట్టుకుని నొక్కమన్నాను. పట్టుకున్నట్టే ఉంది, నొక్కినట్టు లేదు. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. కొంచెం లేచారు కూడా. "వద్దండీ వద్దండీ, పడిపోతారు!" అని కోడలు మధ్యలోకి వచ్చేసింది. ఆ భయం చూసి ఆవిడ వెంటనే కూర్చుండిపోయారు.

వరలక్ష్మి గారు కాఫీకి లోపలికి వెళ్లింది. సుభద్రమ్మ గారి పెదాలు ఎండిపోయి చీలి ఉన్నాయి. పక్కన నీళ్ల సీసా నిండుగా ఉంది.

"నీళ్లు తాగట్లేదాండీ?"

"తాగితే మళ్లీ పిలవాలి కదమ్మా" అన్నారు మెల్లగా. "పిలిస్తే పొయ్యి మీద గిన్నె వదిలేసి పరిగెత్తుకొస్తుంది పిచ్చిది. అన్నీ చేస్తుంది. ఒక్కనాడు మొహం చిట్లించదు. చిట్లించినా బాగుండునమ్మా, నాకు ఇంత సిగ్గుండేది కాదు."

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కోడలిని కూర్చోబెట్టి చెప్పాను. నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఈ వయసులో అది ప్రాణం మీదకి తెస్తుందని. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి, గోడకి పట్టుకోవడానికి రాడ్డు బిగించండి, పూటకోసారి నిలబెట్టండి, మీరు పక్కనుంటే చాలు అన్నాను. అన్నిటికీ "అలాగేనండీ" అంది. నీళ్ల దగ్గర మాత్రం "ఇస్తే వద్దంటారండీ. పెద్దావిడ, బలవంతం చేస్తే బాగుండదు కదా" అంది. కొడుకుతో ఫోన్లో మాట్లాడాను. ఆయనా చాలా మర్యాదగా విన్నారు. "వచ్చేపోయేవాళ్లుండే ఇల్లు కదండీ, మంచం పక్కన కమోడ్ అంటే అమ్మకే చిన్నతనం" అన్నారు.

ఇంకోసారి వెళ్లేసరికి కుర్చీ కూడా మూలకి చేరింది. ఆవిడ మంచం మీదే ఉన్నారు. రాడ్డు లేదు, కమోడ్ లేదు. నాకు మళ్లీ కాఫీ ఇచ్చారు, పూతరేకులు పెట్టారు. సుభద్రమ్మ గారిని పలకరిస్తే కళ్లతో నవ్వారు. నేను సీసా మూత తీసి అందిస్తే, నా మాట కాదనలేక ఒక్క గుక్క తాగారు.

మీరు ఈ ఉద్యోగంలోకి వచ్చాక మీకూ ఇలాంటి ఇళ్లు తగులుతాయి. తిట్టే కోడళ్లూ పట్టించుకోని కొడుకులూ ఉన్న ఇళ్ల సంగతి సినిమాల్లో చూపిస్తారు. అక్కడ మీరు పోట్లాడొచ్చు, నలుగురూ మీ పక్షాన నిలబడతారు. ప్రేమగా చూసే ఇంట్లో మీరు నోరు తెరిస్తే మీరే చెడ్డవాళ్లవుతారు. అయినా తెరవండి. నాలుగోసారీ ఐదోసారీ వెళ్లి కాఫీ తాగకుండా తెరవండి. ముసలి మనిషి ఒక గ్లాసు తానే లేచి తెచ్చుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం చాలా కష్టమైన పని. చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకోండి, నేర్పండి.

ఎండలు ముదిరాక ఆవిడకి జ్వరం వచ్చింది. మనుషుల్ని గుర్తుపట్టకుండా మాట్లాడుతున్నారని భీమవరం తీసుకెళ్లారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, అది రక్తంలోకి పాకింది. అక్కణ్ణుంచి ఇంటికి తిరిగి రాలేదు.

పెద్దకర్మకి వెళ్లాను. షామియానా వేశారు. ఫొటోకి పెద్ద దండ వేశారు. అది చక్రాల కుర్చీలో శాలువాతో తీసిన ఫొటోనే, తల భాగం వరకు పెద్దది చేయించారు. ప్రెసిడెంటు గారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి చాలాకాలం తర్వాత తల ఊపారు.

వరలక్ష్మి గారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నిజమైన ఏడుపే. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఓదారుస్తూ, అత్తగారిని పువ్వుల్లో పెట్టి చూసుకున్నావు, నీకేం తక్కువమ్మా అన్నారు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని నాతో అంది.

"మహాతల్లి అండీ. అన్ని రోజులు మంచం మీదున్నా ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. చివరికి మంచినీళ్లు కూడా అడిగేవారు కాదు."

అందరూ చేతులు జోడించారు. భోజనానికి ఆకులు వేస్తున్నారు, చేసి వెళ్లండని రామకృష్ణ గారు గేటు దాకా వెనకాలే వచ్చారు. తినకుండానే వచ్చేశాను. మర్యాద తెలియని మనిషినని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.